హన్నా ట్వోమీ గేటు దగ్గర ఎత్తిన చెయ్యి

రొట్టెల వ్యాను నడిపే మనిషికి రోడ్లు రెండు రకాలుగా తెలుస్తాయి. చక్రాల కింద ఒక రకంగా, గుమ్మాల దగ్గర ఇంకో రకంగా. కార్క్ నగరానికి పడమటగా, మక్రూమ్ అవతలి కొండల దాకా ఉన్న ప్రతి రోడ్డూ ఫ్లోర్ లూసీకి ఆ రెండు రకాలుగానూ తెలుసు. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ వాననీరు అడ్డంగా పారుతుందో, ఏ ఇంట్లో మాడిన అంచు ఇష్టమో, ఏ ఇంట్లో ముసలాయన పళ్ళు లేక మెత్తటి రొట్టే అడుగుతాడో, అన్నీ తెలుసు. నలభై ఒక్క ఏళ్ళు నడిపాడు మరి. రిటైరై మూడేళ్ళయింది. అతని ఇంటి మేడగదిలో నేను అద్దెకు దిగింది అంతకు చాలా ముందే. రెండు వారాలుండి పోదామని దిగాను.

ఫ్లోర్ అంటే పూర్తి పేరు ఫ్లోరెన్స్. బయటివాళ్ళు ఆడపిల్ల పేరు కదా అంటారు. మా కార్క్ పల్లెల్లో అది తాతల నాటి నుంచీ మగవాళ్ళ పేరే. ఒకసారి మోకాలు చూపించుకుందామని అతను డబ్లిన్ వెళితే, ఆసుపత్రిలో పేరు చూసి ఆడవాళ్ళ వార్డులో మంచం సిద్ధం చేశారట. ఈ సంగతి అతను నొచ్చుకుంటూ చెప్పడు. "ఆ రెండు గంటలూ నన్నెంత బాగా చూసుకున్నారో!" అంటాడు.

వ్యాను పోయాక అతనికి మిగిలిన ఉద్యోగం ఒక్కటే, ఆదివారాల్లో దారి చూపడం.

చూపేది గుండుకి. ఎనిమిది వందల గ్రాముల ఇనప గుండు, అరచేతిలో ఇమిడిపోతుంది. ఆట మామూలు ఊరి రోడ్డు మీద, కార్లూ ట్రాక్టర్లూ తిరిగే రోడ్డు మీదే. ఇద్దరు మనుషులు పరుగెత్తుకొచ్చి విసురుతారు. గుండు ఆగినచోటి నుంచి మళ్ళీ విసరాలి. రోడ్డు దిగి పొలంలో పడితే, రోడ్డుని ఎక్కడ వదిలిందో అక్కడికి తెచ్చి విసరాలి. రెండు కిలోమీటర్ల అవతల గీత. తక్కువ విసుర్లలో దాటినవాళ్ళది గెలుపు. సమానమైతే ఎవరి గుండు దూరం పోయిందో వాళ్ళది. విసిరే మనిషికి వంకర రోడ్డులో సరైన చోటు కనపడదు కాబట్టి, ముందు ఒకడు నడివీధిలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడతాడు. ఆ కాళ్ళ సందులోంచి గుండు పోవాలి. దగ్గరకొచ్చాక ఎగిరి తప్పుకోవాలి. తప్పుకోలేనివాళ్ళు కొందరు మా ఊళ్ళో కుంటుతూ కనిపిస్తారు.

నేను తిరిగిన దేశాల్లో మనుషులు దొరికిన వస్తువల్లా విసిరారు. కర్రలు, రాళ్ళు, జున్ను చక్రాలు, ఒకచోట బతికున్న కోడిని కూడా. అన్నిచోట్లా విసిరేవాడికే పేరు. ముందు నిలబడేవాడి పేరు ఎక్కడా రాసుండదు. ఫ్లోర్ కుర్రతనంలో తనూ విసిరేవాడు. అతని గుండు ఎప్పుడూ ఎడమ కంచెలోకే పోయేదట. ఏడాదంతా ముళ్ళపొదల్లో వెతికి వెతికి, చివరికి ఒక పెద్దాయన, "బోయ్, నీ చెయ్యి పనికిరాదు గానీ, గుండు ఎక్కడికి పోతుందో నీకంటే ముందుగా ఎవడూ చెప్పలేడు," అన్నాడట. అలా అటునుంచి ఇటు మారాడు.

ఇప్పుడు అతను దారి చూపేది గాబ్నెట్‌కి, అన్న డెనిస్ కూతురికి. ఆ పేరు తేనెటీగల్ని కాపాడే పుణ్యవతిది. అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. పశువుల డాక్టరు దగ్గర పని. ఆవు కాలు పట్టుకుందంటే ఆవు కదలదు. కోపం వస్తే మాత్రం పేరులోని తేనె పోయి మిగతాది మిగులుతుంది. జూన్ నెలలో కౌంటీ సెమీఫైనల్ ఆమెకి పడింది. రోడ్డు ఏదంటే క్నాక్‌బ్రాక్ రోడ్డు. డెనిస్ పొలానికి ఆరు మైళ్ళే. శనివారం ఉదయం నేనూ ఫ్లోరూ కారులో బయల్దేరాం. అక్కడ ఒక రాత్రి పడుకుని, ఆదివారం ఆట చూసుకుని, నింపాదిగా రావడమని లెక్క.

వాన పడీ పడనట్టు పడుతోంది. పాత ప్రయాణ పుస్తకాలు రాసిన దొరలందరూ ఈ వానని తిట్టారు. నాకు తెలిసి ఒక్కరూ దాంట్లో గంటసేపు తీరిగ్గా నడవలేదు. రోడ్డుకి రెండువైపులా కంచెల్లో ఫ్యూషియా పూలు ఎర్రగా వేలాడుతున్నాయి. మర్నాటి ఆట రోడ్డు చూసుకుంటూ మేం నలుగురం నడిచాం: ముందు ఫ్లోర్, వెనక గాబ్నెట్, ఆ వెనక డెనిస్, ఆఖరున కోటు తలమీద కప్పుకుని నేను.

ఫ్లోర్ జేబులోంచి నారింజపండు తీసి రోడ్డు మీద పెట్టాడు. అది తనంతట తాను మెల్లగా కుడివైపుకి దొర్లింది. నాలుగడుగులు వేసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దొర్లింది.

"పండు దొర్లించడానికి పొద్దున్నే నన్ను లేపావా?" అన్నాడు డెనిస్. "కాహల్‌గాడు అయితే ఫోనులో వాలు కొలిచి చెప్పేసేవాడు."

"ఫోను దొర్లదు కదా," అన్నాడు ఫ్లోర్.

కాహల్ గాబ్నెట్ ఆడే క్లబ్బులో కొత్తగా చేరినవాడు. డెనిస్‌కి అతనంటే నమ్మకం. ఎందుకంటే అతను మాట్లాడడు. ఫ్లోర్‌తో డెనిస్ బాధంతా మాటల దగ్గరే. పోయిన ఏడాది ఒక ఆటలో గుండు వస్తుంటే ఫ్లోర్ కంచె అవతలి మనిషితో దూడ ధర మాట్లాడుతూ నిలబడ్డాడు.

"నీకు రోడ్డు మీద మనుషులు ఎక్కువయ్యారు, ఫ్లోరీ," అన్నాడు డెనిస్. "ఇప్పుడే చెప్తున్నా విను. రేపు నీవల్ల తేడా వచ్చిందంటే, వచ్చేవారం నుంచి ముందు కాహల్ నిలబడతాడు. పిల్ల చలికాలమంతా విసిరి విసిరి చేతులు పగలగొట్టుకుంది."

ఫ్లోర్ పండు ఎత్తుకుని కోటుకి తుడిచాడు. "సరే," అన్నాడు. అతని నోటివెంట ఒకే మాట రావడం మంచి సంకేతం కాదని నాకు తెలుసు.

గాబ్నెట్ పండు లాక్కుని ఒలుచుకుంది. "మీరిద్దరూ కొట్టుకోవడం అయిపోతే ఆ మలుపు సంగతి చెప్పండి."

మలుపు హన్నా ట్వోమీ ఇంటి దగ్గర. రోడ్డు ఆవిడ బంగాళాదుంపల మడి చుట్టూ కుడికి తిరుగుతుంది. దాన్ని దాటడానికి రెండు దారులు. ఎడమ అంచున గుండు వదిలితే రోడ్డు వాలే దాన్ని చుట్టూ తిప్పి తీసుకుపోతుంది. లేదంటే గుండుని గాల్లోకి లేపి, కంచె మీదుగా, మడి మీదుగా, అవతలి రోడ్డు మీద దింపాలి. దిగిందా, పండగే. దిగకపోతే ఒక విసురు పోయినట్టే.

"రేపు నేల తడిగా ఉంటుంది," అన్నాడు ఫ్లోర్. "గాల్లోకి వద్దు. ఎడమ అంచు. నేను కాళ్ళు పెట్టి ఊరికే నిలబడితే కాళ్ళలోంచే. నేలారి, గాలి కలిసొచ్చి, గాల్లోంచి వేయొచ్చనిపిస్తే కుడిచెయ్యి ఎత్తుతా. ఎత్తకపోతే వద్దు."

"చెయ్యెత్తితే గాల్లోకి. లేకపోతే కాళ్ళలోకి," అంది గాబ్నెట్, నోటినిండా పండుతో.

మర్నాడు చర్చిలో పదకొండింటి పూజ అయ్యాక రోడ్డు మీద మూడువందలమంది చేరారు. అవతలి అమ్మాయి బ్రీద్ హెగార్టీ, బాండన్ వైపు పిల్ల. భుజాలు తలుపుల్లా ఉన్నాయి. ఆమెకి దారి చూపేది బావగారు. ఆయన్ని ఆమె మొదటి విసురుకి ముందే మూడుసార్లు తిట్టింది. వెనకాల కార్లు వరసగా ఆగాయి. ఆవుని బండిలో వేసుకుపోతున్న ఒకాయన ఇంజన్ ఆపి, దిగి, "ఎవరు ముందున్నారు?" అని అడిగి మాతో నడవడం మొదలెట్టాడు. ఆవు అరుస్తూనే ఉంది.

ఆరు విసుర్లయ్యేసరికి గాబ్నెట్ ముప్ఫై గజాలు ముందుంది. ఫ్లోర్ ఒక్క మాట మాట్లాడలేదు. గడ్డి కుచ్చు పీకి, గుండు నేల తాకాల్సిన చోట రోడ్డు మీద పెట్టడం, ముందుకి పోయి కాళ్ళు పెట్టి నిలబడటం, గుండు వస్తే ఎగరడం. జనంలోంచి ఎవరో "ఏమోయ్ ఫ్లోర్, నోరు ఇంట్లో మర్చిపోయొచ్చావా?" అన్నారు. అతను ఇంకో గడ్డి కుచ్చు పీకాడు. డెనిస్ మొహం కూడా కాస్త విప్పారింది.

అప్పుడు మలుపొచ్చింది. వెనకున్న బ్రీద్ ముందు విసిరింది. గుండు బాగానే తిరిగి కనుమరుగైంది. తర్వాత గాబ్నెట్ వంతు. ఫ్లోర్ మలుపు నడుమ, ఎడమ అంచుకి దగ్గరగా కాళ్ళు పెట్టాడు. చేతులు కిందికి. గాబ్నెట్ పరుగు మొదలెట్టడానికి వెనక్కి నడిచింది.

సరిగ్గా అప్పుడే హన్నా ట్వోమీ గేటు తెరుచుకుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ పల్లెల్లో చెయ్యెత్తడం అనేది ఒక చదువు. కారు నడుపుతూ స్టీరింగు మీంచి ఒక వేలు లేపితే, ఎవరో తెలీదు గానీ మంచివాడివే అయ్యుంటావని. రెండు వేళ్ళంటే మీ వాళ్ళు తెలుసు. నాలుగు వేళ్ళంటే నువ్వు తెలుసు. చెయ్యి మొత్తం లేపితే మన మధ్య పెళ్ళో చావో ఏదో జరిగింది. ఎదుటివాడు ఎంత లేపితే అంత తిరిగివ్వాలి. ఇవ్వకపోతే ఆ ఇంట్లో సాయంత్రం టీ దగ్గర "మనమేం చేశాం వాళ్ళకి?" అని మొదలై, పాతికేళ్ళ కిందటి గట్టు తగాదా బయటికొస్తుంది. మామూలు మనిషికే ఇది తప్పదంటే, రొట్టెల వ్యాను మనిషికి చెప్పేదేముంది? రోజుకి రెండువందలసార్లు, నలభై ఒక్క ఏళ్ళు. అతని చెయ్యి అతన్ని అడగడం ఎప్పుడో మానేసింది.

హన్నా ట్వోమీకి ఎనభై ఎనిమిదేళ్ళు. మంగళవారం, శుక్రవారం రెండు రొట్టెలు తీసుకునేది. క్రిస్మస్ ముందు పడిపోయి, అప్పట్నుంచి గడప దాటలేదు. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. ఆ ఆదివారం ఆమెని కుర్చీతో సహా గేటు దాకా మోసుకొచ్చారు. కూర్చోగానే రోడ్డు నడుమ నిలబడ్డ మనిషిని చూసింది. చేతికర్ర మొత్తం పైకెత్తింది.

"ఫ్లోర్! ఒరే ఫ్లోర్ లూసీ! బతికే ఉన్నా!"

ఫ్లోర్ కుడిచెయ్యి పైకి లేచింది. భుజం దాకా కాదు, తలమీదికి, నిండుగా.

గాబ్నెట్ అప్పటికే పరుగులో ఉంది. లేచిన చెయ్యి చూసింది. ఆలోచించలేదు. ఆలోచించకుండా ఉండటమే కదా చలికాలమంతా నేర్చుకుంది. చెయ్యి గిర్రున తిరిగి, గుండు గాల్లోకి లేచింది. కంచె దాటింది. మడి సగం దాటింది. ఆ తర్వాత మెత్తగా, ఎవరో దిండు మీద గుద్దినట్టు, బంగాళాదుంపల్లో కూరుకుపోయింది.

మూడువందల తలలూ మడివైపు తిరిగాయి. హన్నా ఒక్కతే, "ఎవరిదది?" అంది సంతోషంగా.

తర్వాత పావుగంట మూడువందలమందీ రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు మడిలో దిగి కాళ్ళతో తడుముతూ గుండు వెతికింది. ఇంకో జట్టు రోడ్డు మీద నిలబడి వాదించుకుంది.

"ఆట మధ్యలో చెయ్యెత్తుతాడా మనిషన్నవాడు?" అన్నాడు డెనిస్.

"ఎత్తకపోతే మనిషెలా అవుతాడు?" అన్నాడు బ్రీద్ వాళ్ళ నాన్న. గెలిచే పక్షం మనిషే. "హన్నా ట్వోమీ కర్రెత్తితే నేనైతే రెండు చేతులూ ఎత్తేవాణ్ణి, డెనిస్. రెండు విసుర్లు పోయినా సరే."

"పోయింది మీ పిల్లది కాదుగా!"

ఆవు బండాయన అటూ ఇటూ చూసి, "ఆవిడకి ఇప్పుడెలా ఉందట?" అని అడిగాడు. వాదన కాసేపు ఆవిడ తుంటి ఎముక మీదికి మళ్ళింది.

గుండు దొరికింది. రోడ్డు దిగిన చోటుకి, అంటే మలుపు మొదటికే, తెచ్చిపెట్టారు. ముప్ఫై గజాల ముందంజ పోయి, దాదాపు ఒక విసురు వెనకబడింది గాబ్నెట్.

ఫ్లోర్ నడుచుకుంటూ వెనక్కి వచ్చాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చావు ఇంటికి వచ్చినట్టు.

"డెనిస్ అన్నది నిజమే అమ్మాయ్," అన్నాడు. "కాహల్‌ని పిలు. నేను కారు దగ్గర ఉంటా."

డెనిస్ అప్పటికే కాహల్ కోసం చుట్టూ చూస్తున్నాడు. గాబ్నెట్ గుండుకి అంటిన మట్టి ప్యాంటుకి తుడుచుకుంటోంది. మొహం ఎర్రగా కందింది. పక్కనున్న నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"ఎప్పుడు చూసింది నిన్ను?" అంది.

"ఎవరు?"

"హన్నా."

"వచ్చి కూర్చోగానే."

"చిక్కిందా?"

"సగమైంది. గొంతు మాత్రం అదే."

గాబ్నెట్ తల ఊపింది. గుండు నా చేతికిచ్చింది. తన కోటు విప్పి ఫ్లోర్ కుడిచేతి మీద వేసింది. నా భుజానికున్న టీ ఫ్లాస్కు తీసి ఆ చేతికే తగిలించింది. ఎడమ చేతిలో హామ్ శాండ్‌విచ్‌ల డబ్బా పెట్టింది. దాని మీద తండ్రి గొడుగు లాక్కుని అడ్డంగా పెట్టింది. చివరికి టోపీ తీసుకుని అతని తలమీద కాస్త గట్టిగానే నొక్కింది.

"ఇప్పుడు పో బాబాయ్. ఇంగ్లండు రాణులంతా వరసగా వచ్చినా నువ్వు చెయ్యెత్తలేవు. నాకు నీ కాళ్ళు చాలు."

"గాబ్నెట్!" అన్నాడు డెనిస్.

"విసిరేది నేను నాన్నా. మీరు పోయి ఆవుతో మాట్లాడండి."

అలా ఫ్లోర్ లూసీ మిగిలిన కిలోమీటరుకి పైగా రోడ్డంతా బట్టలు తగిలించుకునే కొయ్యలా నిలబడ్డాడు. చేతులతో చెప్పాల్సింది కాళ్ళతో చెప్పాడు. కాస్త ఎడమకైతే ఎడమ మడమ తిప్పేవాడు. ఇటు వాలు ఉందంటే మోకాలు వంచేవాడు. గుండు వస్తుంటే డబ్బా, గొడుగు, ఫ్లాస్కు అన్నిటితో సహా ఎగిరేవాడు. లోపల టీ గలగలమనేది. జనం మొదట నవ్వారు. మూడో విసురు తర్వాత నవ్వడం మానేసి లెక్కపెట్టడం మొదలెట్టారు. ఆ పిల్ల గుండు ఆ కాళ్ళ సందులోంచి ప్రతిసారీ తాడుకట్టి లాగినట్టు పోతోంది. బ్రీద్ బావగారు ఏ మలుపు దగ్గరైనా ముందు ఫ్లోర్ ఎక్కడ నిలబడ్డాడో చూసి, ఆ తర్వాత తను నిలబడుతున్నాడు. అది బ్రీద్ కంటపడింది.

పదమూడో విసురుకి తేడా నలభై గజాలు. పధ్నాలుగుకి పది. ఇక గీత కనిపిస్తోంది. వెనకున్నది గాబ్నెట్ కాబట్టి ముందు విసరాలి. ఫ్లోర్ రోడ్డు నట్టనడుమ, కోటు కింద సగం మునిగి నిలబడ్డాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది. ఆ విసురు గురించి మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు, గాలికి చిరుగు పట్టిన చప్పుడు వినిపించిందని. గుండు గీత దాటి, మంచులో జారినట్టు జారి, చర్చి గోడ దాకా పోయింది. గీతకి అరవై గజాల అవతల. డెనిస్ అరిచిన అరుపుకి ఎక్కడో వెనక బండిలో ఉండిపోయిన ఆవు కూడా ఒక్కక్షణం ఊరుకుంది.

ఆ తర్వాత బ్రీద్ హెగార్టీ విసిరింది. ఆమె గుండు అదే గోడ దగ్గరికి వచ్చి, ఆగినట్టే ఆగి, ఇంకో నాలుగడుగులు దొర్లింది.

నాలుగడుగులు. అంతే. అమ్మాయిలిద్దరూ కావిలించుకున్నారు. గాబ్నెట్ ఏడవలేదు. "ఆ బంగాళాదుంపలు ఎప్పటికీ తినను," అంది.

డెనిస్ తమ్ముడి దగ్గరికి వెళ్ళాడు. ఏం అనబోయాడో నాకు తెలీదు. నోరు తెరిచేలోగా బ్రీద్ చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"మిస్టర్ లూసీ, ఫైనల్ రెండు వారాల్లో ఉంది. రోడ్డు మీకు తెలిసిందే. నాకు దారి చూపుతారా? మా బావగారికి నేను చెప్పుకుంటా. ఆయన సంతోషిస్తాడు."

ఫ్లోర్ గొడుగు జారుతుంటే గడ్డంతో పట్టుకున్నాడు. అన్న వైపు చూశాడు. అన్న నేల వైపు చూశాడు. జవాబు గాబ్నెట్ దగ్గర్నుంచి వచ్చింది, ఆమె ఇంకా నీళ్ళు తాగుతూనే ఉంది.

"ఆయనకి ఖాళీ లేదు."

"నువ్వు ఓడిపోయావుగా తల్లీ," అంది బ్రీద్. "రెండు వారాలు నీకేం పని ఆయనతో?"

"ప్రాక్టీసు. కావాలంటే కాహల్‌ని తీసుకుపో. ఫోను కూడా తెచ్చుకుంటాడు."

బ్రీద్ పకపకా నవ్వింది. ఆమె నాన్న నవ్వాడు. చివరికి డెనిస్ కూడా, ఎవరో కితకితలు పెట్టినట్టు, ఇష్టంలేకుండానే నవ్వాడు. "సరేలే," అన్నాడు తమ్ముడితో, చేతిలోని డబ్బా తను అందుకుంటూ. "శాండ్‌విచ్ ఏమన్నా మిగిలిందా ఇందులో?"

గాబ్నెట్ వచ్చి తన కోటు తీసుకుంది.

"మంగళవారం సాయంత్రం ఆరింటికి రా బాబాయ్. నాకు కుడి మలుపులు రావట్లేదు."

"ఆరింటికి కాదు, ఆరున్నరకి," అన్నాడు ఫ్లోర్. "ఆరింటికి నా టీ."